ప్రశాంతంగా ఉండే సింగిల్ బెడ్‌రూమ్ కోసం హైదరాబాద్‌లో ఎక్కడ చూడాలి: సైనిక్‌పురి, మారేడుపల్లి, తార్నాక, మధురానగర్

ఐదేళ్లు కూకట్‌పల్లి వైపు ముగ్గురం కలిసి ఒక ఫ్లాట్‌లో ఉన్నాం, కింద టిఫిన్ సెంటర్, ఎదురుగా ఫంక్షన్ హాల్, పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే బారాత్ బ్యాండ్ సరిగ్గా మా బాల్కనీ కిందే ఆగి పావుగంట వాయించేది. ఇప్పుడు వారంలో మూడు రోజులే ఆఫీసు, మిగతాది ఇంట్లోనే, కాల్స్‌లో అవతలివాళ్లు "వెనకాల ఏంటి ఆ సౌండ్" అని అడగడం మొదలెట్టాక ఇక లాభం లేదు, విడిగా ఒక సింగిల్ బెడ్‌రూమ్ తీసుకుందాం, కాస్త ఖర్చైనా పర్లేదు సైలెంట్‌గా ఉండాలి అని ఫిక్సయ్యా. నెలన్నర తిరిగా. ఆ తిరుగుడులో తెలిసింది రాస్తున్నా, మీ ఆఫీసు కూడా హైటెక్ సిటీ వైపే అయితే నేరుగా పనికొస్తుంది, వేరే వైపైతే లెక్కలు మార్చుకోండి.

ముందే ఒక మాట. "ఏ ఏరియా ప్రశాంతంగా ఉంటుంది" అని అందర్నీ అడుగుతూ మొదటి రెండు వారాలు వేస్ట్ చేసుకున్నా. ఏరియా చూసి ఇల్లు తీసుకుంటే సగం పనే అయినట్టు, చప్పుడు ఉండేదీ లేనిదీ సందుని బట్టి, ఆ బిల్డింగ్‌లో మన ఫ్లాట్ ముందు వైపుందా వెనక వైపుందా అన్నదాన్ని బట్టి, ఇంకా చెప్పాలంటే బెడ్‌రూమ్ గోడకి అవతల ఏముందో దాన్ని బట్టి. ఎంత ప్రశాంతమైన కాలనీ అయినా గుడి మైకు కింద ఒక సందు ఉంటుంది, ఎంత గోల ఏరియాలో అయినా ఒక డెడ్ ఎండ్ ఉంటుంది.

ఇంకో విషయం, మన దగ్గర సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు కొత్తగా కట్టేవాళ్లు బాగా తక్కువ, బిల్డర్లంతా డబుల్, ట్రిపుల్ మీదే ఉంటారు. కాబట్టి మీకు దొరికేవి మూడు రకాలు: పాత అపార్ట్‌మెంట్లలో మూలకి ఇరికించిన చిన్న ఫ్లాట్, ఇండిపెండెంట్ ఇంట్లో పోర్షన్, డాబా మీద పెంట్‌హౌస్. పెంట్‌హౌస్ అంటే సినిమాల్లో చూపించేది అనుకునేరు, వాటర్ ట్యాంక్ పక్కన కట్టిన ఒక రూమూ వంటిల్లూ అంతే.

నేను మెట్రో బ్లూ లైన్ మ్యాప్ ముందు పెట్టుకుని వెతికా. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా వెళ్లే లైన్ అది, తార్నాక, మారేడుపల్లికి దగ్గరి స్టేషన్ పరేడ్ గ్రౌండ్, మధురానగర్ మూడూ దాని మీదే ఉన్నాయి, హైటెక్ సిటీకి ఎక్కడా మారక్కర్లేదు. సైనిక్‌పురి మాత్రం దీనికి బయట, అయినా అందరూ అదే పేరు చెప్తుంటే అదీ చూశా.

సైనిక్‌పురి నుంచే మొదలుపెడతా. రిటైరైన మిలిటరీ వాళ్ల కోసం వేసిన కాలనీ, వెడల్పు రోడ్లు, చెట్లు, పాత బంగళాలు, సాయంత్రం ఆరింటికి కుక్కల్ని తిప్పే అంకుల్స్. చూడగానే మనసు అక్కడే ఆగిపోతుంది, నిజం. ఏఎస్ రావు నగర్, ఈసీఐఎల్ వైపు వెళ్తే కూరగాయలు, హాస్పిటళ్లు, బట్టల షాపులు అన్నీ దొరుకుతాయి, రెంట్ కూడా మిగతా మూడింటి కన్నా నాకు తక్కువే చెప్పారు. రెండు సమస్యలు. ఒకటి, హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ దగ్గర్లోనే ఉంది, ట్రైనింగ్ విమానాలు పగటిపూట తిరుగుతుంటాయి, పొద్దున కాల్స్ ఉన్నవాళ్లు ఒక వర్కింగ్ డే మధ్యాహ్నం లోపు వెళ్లి చూసుకోండి, ఆదివారం వెళ్తే ఆ సంగతే తెలీదు. రెండోది దూరం. మెట్రో లేదు. బండి మీద తార్నాకకో సికింద్రాబాద్‌కో వచ్చి మెట్రో ఎక్కాలి, లేదా హైటెక్ సిటీ దాకా పాతిక కిలోమీటర్లు బండి మీదే పోవాలి. ఆర్మీ కంటోన్మెంట్ లోపలి రోడ్లు కొన్నింటికి గేట్లు ఉంటాయి, అన్ని వేళలా తెరిచి ఉండవు, షార్ట్‌కట్ ఉంది కదా అనుకుని టైమ్ లెక్కెయ్యకండి.

ఇక్కడ నేను ఒక లెక్క వేశా, రిజల్ట్ చూసి నేనే ఆశ్చర్యపోయా. సైనిక్‌పురిలో రెంట్ 13 వేలు, మారేడుపల్లిలో అలాంటిదే 17 వేలు అనుకుందాం. నెలకి 13 రోజులు ఆఫీసు. సైనిక్‌పురి నుంచి బండి మీద రానూపోనూ 50 కిలోమీటర్లు, లీటర్‌కి 45 ఇస్తే వంద దాటిన పెట్రోల్ రేటుకి రోజుకి 120, నెలకి పదిహేనొందలు, పదహారొందలు. మారేడుపల్లి నుంచి మెట్రోలో అయితే 2025 మేలో ఛార్జీలు పెంచాక ఎక్కువలో ఎక్కువ ఒక వైపుకి 69, అంతా వేసుకున్నా నెలకి పద్దెనిమిదొందలు. అంటే ప్రయాణం ఖర్చు రెండింటికీ ఇంచుమించు సమానం, రెంట్‌లో మిగిలే నాలుగు వేలు నిజంగానే మిగులుతాయి. డబ్బులో సైనిక్‌పురిదే గెలుపు. కానీ బండి మీద రోజుకి మూడు గంటలు పోతాయి, మెట్రో అయితే నడకతో కలిపి రెండు గంటలు, అదీ సీటు దొరికితే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకోవచ్చు. నెలకి 13 గంటలు మిగుల్చుకోవడానికి నాలుగు వేలు, అంటే గంటకి మూడొందలు. నాకైతే ఓకే అనిపించింది, మీకు అనిపించకపోతే సైనిక్‌పురి తీసుకోండి, తప్పేం లేదు. పూర్తిగా ఇంటి నుంచే పనైతే అసలు ఆలోచించక్కర్లేదు, సైనిక్‌పురే.

ఆడవాళ్లకైతే ఈ లెక్క ఇంకోలా ఉంటుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు కాబట్టి ఈసీఐఎల్ నుంచి బస్సులో సికింద్రాబాదో తార్నాకో వచ్చి అక్కడి నుంచి మెట్రో ఎక్కితే ఖర్చు బాగా తగ్గుతుంది, కాకపోతే పొద్దున ఎనిమిదిన్నర టైమ్‌లో ఆ బస్సుల్లో నిలబడ్డానికి చోటుంటే అదృష్టమే అని మా టీమ్‌లో అమ్మాయి చెప్పింది.

వెస్ట్ మారేడుపల్లి. వెస్ట్ అని నొక్కి చెప్తున్నా, ఈస్ట్ వైపు షాపులు, రద్దీ ఎక్కువ. ఇది పాత సికింద్రాబాద్, ఒకప్పటి పెద్ద పెద్ద ఇళ్లు పడగొట్టి నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు లేపారు, అయినా మామిడి చెట్లు, వేప చెట్లు చాలా మిగిలాయి. పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌కి సందుని బట్టి పావుగంట నుంచి ఇరవై నిమిషాల నడక. అక్కడే గ్రీన్ లైన్ కూడా కలుస్తుంది, ఎంజీబీఎస్ బస్టాండ్ వైపు వెళ్లాలన్నా సులువు, జేబీఎస్ బస్టాండ్ పక్కనే కాబట్టి కరీంనగర్, సిద్దిపేట వైపు ఊళ్లకి వెళ్లేవాళ్లకి ఇంకా హాయి. మైనస్ ఏంటంటే ఖాళీలు తక్కువ. ఓనర్లలో పెద్దవాళ్లు ఎక్కువ, పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, ఆన్‌లైన్‌లో యాడ్ పెట్టరు, గేటుకి టు-లెట్ బోర్డు కడతారు అంతే, లేకపోతే వాచ్‌మెన్‌కి చెప్తారు. అందుకే అక్కడ బండి పక్కన పెట్టి నడుస్తూ వెతకాలి, వాచ్‌మెన్‌లతో మాట్లాడాలి.

ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. ఒక ఆంటీ గేటు దగ్గరే నిలబెట్టి అడిగింది. "ఒక్కడివేనా బాబూ?" "ఒక్కడినే ఆంటీ." "పెళ్లి?" "ఇంకా లేదండీ." "మీ అమ్మగారూ వాళ్లూ వస్తూ పోతూ ఉంటారా?" "నెలకోసారి వస్తారండీ, పది రోజులుంటారు." ఆ ఒక్క మాటతో తాళంచెవి బయటికొచ్చింది. బ్యాచిలర్లని అబద్ధం ఆడమని చెప్పట్లేదు గానీ అమ్మ నిజంగా వచ్చేదైతే ఆ విషయం మొదటి నిమిషంలోనే చెప్పండి, వీలైతే ఫోన్‌లో మాట్లాడించండి. నాన్ వెజ్ గురించి కూడా ముందే అడిగేయండి, అడ్వాన్స్ ఇచ్చాక గుడ్డు కూడా వండొద్దంటే మన పరిస్థితేంటి.

తార్నాకలో స్ట్రీట్ నంబర్లు ఉంటాయి, మెయిన్ రోడ్డు మీద ఎంత మోతో లోపలికి రెండు మలుపులు తిరిగితే అంత నెమ్మది. ఉస్మానియా క్యాంపస్ పక్కనే, పొద్దున వాకింగ్‌కి దాన్ని మించింది ఈ నాలుగింట్లో లేదు. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ లాంటి రీసెర్చ్ సంస్థలు ఆ చుట్టుపక్కలే కాబట్టి రీసెర్చ్ స్టూడెంట్లు, సైంటిస్టులు అద్దెకి ఉండటం ఓనర్లకి అలవాటే, ఒంటరిగా ఉండేవాళ్లని వింతగా చూడరు, నన్నైతే ఎవరూ పెళ్లి సంగతి అడగలేదు. హైటెక్ సిటీకి మెట్రోలో ముప్పావుగంట అటూఇటూ. ఒకటే జాగ్రత్త, మెట్టుగూడ, లాలాగూడ వైపు జరిగేకొద్దీ రైల్వే లైన్లు దగ్గరవుతాయి, రాత్రి గూడ్స్ హారన్ గట్టిగానే వినిపిస్తుంది. కొందరికి రైలు చప్పుడు జోలపాటలా ఉంటుంది, మా నాన్నకి అలాగే, నాకు మాత్రం కాదు.

మధురానగర్, దాని పక్కన వెంగళరావునగర్ గురించి తొందరగా చెప్పేస్తా. ఆఫీసుకి ఇరవై నిమిషాలు, అదొక్కటే చాలు చాలామందికి. లోపలి సందుల్లో పాత కాలనీ ఇళ్లు బాగానే ఉంటాయి, యూసఫ్‌గూడ వైపు కృష్ణకాంత్ పార్క్ ఉంది. కానీ అమీర్‌పేట హాస్టళ్లు, కోచింగ్ సెంటర్ల జనం ఇక్కడిదాకా పొంగి వచ్చేశారు, పక్కిల్లు ఇవాళ ఇల్లు, వచ్చే ఏడాది హాస్టల్. నేను చూసిన ఒక పోర్షన్ అద్భుతంగా ఉంది, పక్క ప్లాట్‌లో అప్పుడే పునాదులు తీస్తున్నారు. రెండేళ్లు డ్రిల్లింగు, సెంట్రింగు, స్లాబు వేసిన రోజు రాత్రంతా మిక్సర్. దండం పెట్టి వచ్చేశా. ఇది ఏ ఏరియాలో అయినా చూడాల్సిందే, ఇంటికి నాలుగు పక్కలా ఖాళీ ప్లాటు గానీ పాడుబడ్డ పాత ఇల్లు గానీ ఉంటే అక్కడ రేపు కన్‌స్ట్రక్షన్ మొదలవుతుందనే అనుకోండి.

ఇక మూడు రకాల ఇళ్ల సంగతి. పెంట్‌హౌస్ రెంట్ తక్కువ, గాలి వస్తుంది, పై అంతస్తు అడుగుల చప్పుడు ఉండదు, కాబట్టి సైలెన్స్ కోరుకునేవాళ్లకి ఆశ పుడుతుంది. ఏప్రిల్, మేలో స్లాబు రోజంతా కాగి రాత్రి పన్నెండింటికి కూడా వేడి దించుతూనే ఉంటుంది, ఏసీ లేకుండా కుదరదు, ఏసీ వేస్తే బిల్లు. పైగా చాలా పెంట్‌హౌస్‌లకి విడిగా మీటర్ ఉండదు, ఓనర్ సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కి ఇంత అని తన ఇష్టం వచ్చిన రేటు వసూలు చేస్తాడు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకి గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా బిల్లు లేదు కదా, సొంత మీటర్ లేకపోతే దాని మీద ఆశ పెట్టుకోకండి. ప్లాన్‌లో లేకుండా కట్టినవి కూడా ఎక్కువ. నేను వద్దనే చెప్తా.

పోర్షన్ అంటే ఓనర్ కిందో పైనో ఉంటాడు. నీళ్లు, రిపేర్లు వెంటనే అయిపోతాయి, మెయింటెనెన్స్ ఉండదు, పండక్కి బూరెలు కూడా వస్తాయి. దానికి బదులుగా రాత్రి పదిన్నరకి గేటు తాళం, ఫ్రెండ్స్ వస్తే "ఎవరు బాబూ వాళ్లు" అన్న ప్రశ్న. నైట్ షిఫ్ట్ ఉన్నవాళ్లు గేటు తాళంచెవి ఒకటి ఇస్తారా అని అడ్వాన్స్‌కి ముందే తేల్చుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో ఈ గొడవ ఉండదు, కానీ మెయింటెనెన్స్ కలుపుకుని రెంట్ చెప్తున్నారా విడిగానా అని అడగండి, ఎస్ఎఫ్‌టీ (చదరపు అడుగుల) అంకె నమ్మకండి. నాకు 650 అని చెప్పిన ఫ్లాట్‌లో టేపు పెట్టి కొలిస్తే గోడల మధ్య 480 వచ్చింది, మిగతాది మెట్లు, కారిడార్‌లో మన వాటా అట.

చప్పుడు చెక్ చేయడానికి ఒక పద్ధతి పెట్టుకున్నా. నచ్చిన ప్రతి ఇంటికీ రెండోసారి రాత్రి తొమ్మిది, పది మధ్యలో వెళ్లేవాణ్ని, ఓనర్‌కి చెప్పి బెడ్‌రూమ్‌లో ఫ్యాన్ ఆఫ్ చేసి ఐదు నిమిషాలు ఊరికే నిలబడటం. మారేడుపల్లిలోనే ఒక ఫ్లాట్ పగలు చూసి దాదాపు ఓకే అనేశా, రాత్రి వెళ్లి నిలబడితే ఏదో సన్నగా గుయ్య్ మంటోంది, ఎక్కడా కనపడదు, మంచం తలవైపు వచ్చే గోడకి అరచెయ్యి ఆనిస్తే తెలిసింది, గోడ వణుకుతోంది. అవతల లిఫ్ట్ షాఫ్ట్. ఎవరో ఐదో అంతస్తుకి వెళ్తున్నారు. పగలు రోడ్డు మీద చప్పుళ్లలో అది కలిసిపోయింది. అలాగే కింద సంప్ మోటర్ ఎక్కడుంది, తెల్లారి ఎన్నింటికి వేస్తారు అన్నది కూడా వాచ్‌మెన్‌నే అడగాలి, ఓనర్‌కి తెలీదు.

రూల్ ప్రకారం రెసిడెన్షియల్ ఏరియాలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ కూడదు, 2000లో వచ్చిన నాయిస్ రూల్స్ అవి. ఫంక్షన్ హాల్ పక్కన ఇల్లు తీసుకుని ఆ రూల్ చదువుకుంటూ కూర్చోవడం కన్నా మ్యాప్‌లో చుట్టూ అర కిలోమీటర్‌లో ఫంక్షన్ హాల్, స్కూల్ గ్రౌండ్, గుడి, మసీదు ఏమున్నాయో చూసి ఇల్లు ఎంచుకోవడం తేలిక.

నీళ్ల దగ్గర మొహమాటపడొద్దు. మంజీరా నీళ్లు, అంటే వాటర్ బోర్డు పైపు నీళ్లు వస్తాయా, రోజు మార్చి రోజా, ఎంతసేపు, వంటింట్లో విడిగా ట్యాప్ ఉందా లేక అన్నీ సంప్‌లో బోరు నీళ్లతో కలిసిపోతాయా. బాత్రూమ్ ట్యాపుల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటే బోరు నీళ్లే అని అర్థం, జుట్టు సంగతి మర్చిపోండి. ఎండాకాలంలో ట్యాంకర్లు తెప్పిస్తారా, ఆ డబ్బులు మెయింటెనెన్స్‌లోనా మన మీదా అన్నది కూడా. 2021 నుంచి సిటీలో నెలకి 20 వేల లీటర్ల దాకా ఉచిత నీళ్ల స్కీమ్ ఉంది, మీటరూ ఆధార్ లింకూ చేయించారా లేదా అని అసోసియేషన్ వాళ్లని అడిగితే మెయింటెనెన్స్ ఎందుకంత ఉందో తెలిసిపోతుంది. గ్రౌండ్ ఫ్లోర్ అయితే 2020 అక్టోబర్ వానలప్పుడు సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయా అని పక్కింటివాళ్లని అడగండి, ఆ వాన ఎవరూ మర్చిపోలేదు.

టైమింగ్ విషయంలో నాకు కలిసొచ్చింది ఒకటుంది. నేను వెతికింది ఆషాఢంలో. శూన్యమాసంలో ఎవరూ ఇల్లు మారరు, పాలు పొంగించరు, టు-లెట్ బోర్డులు అలాగే వేలాడుతుంటాయి, ఓనర్లు కాస్త దిగొస్తారు. పట్టింపు లేకపోతే ఆషాఢం, పుష్యం బేరానికి మంచి నెలలు. ఇంట్లో పట్టింపు ఉంటే అడ్వాన్స్ అప్పుడే ఇచ్చి శ్రావణంలో దిగండి, నేను అలాగే చేశా, అమ్మ కోసం. పైగా ఆషాఢం అంటే బోనాలు, సికింద్రాబాద్ సందుల్లో ఏ మైకు ఎంత దూరం వినిపిస్తుందో అప్పుడే తెలిసిపోతుంది, ఆ ఆదివారం భరించగలిగిన ఇల్లు మిగతా ఏడాదంతా ఓకే.

కాగితాల గురించి నాలుగు ముక్కలు. అగ్రిమెంట్ 11 నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి. అందులో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల రెంట్ కట్ చేస్తామని ఒక లైను ఉంటుంది, పది నెలలున్నా కట్ చేస్తారు, ఐదేళ్లున్నా కట్ చేస్తారు, ఆ లైను చదివి రెండేళ్ల తర్వాత అయితే తగ్గించమని ముందే మాట్లాడుకోండి, పోయినసారి నేను చదవకుండా సంతకం పెట్టి ఒక నెల అద్దె పోగొట్టుకున్నా. పాత ట్యాక్స్ రెజీమ్‌లో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె అలవెన్స్) క్లెయిమ్ చేసేవాళ్లు రెంట్ ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ ఇవ్వాలి, కొందరు ఓనర్లు పాన్ అనగానే మొహం మార్చేస్తారు, అదీ ముందే అడగండి. కొత్త రెజీమ్‌లో ఉంటే ఈ గొడవే లేదు. పాత కరెంట్ బిల్లు ఒకటి తీసుకుని దాని మీది సర్వీస్ నంబర్‌తో బాకీ ఏమైనా ఉందా చూసుకోండి, రెండు నిమిషాల పని.

చివరికి నేను తీసుకుంది వెస్ట్ మారేడుపల్లిలో పాత అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు, వెనక వైపు ఫ్లాట్, ఆంటీ ఇంటర్వ్యూ చేసింది ఆ ఇంటికే. వెస్ట్ ఫేసింగ్ కాబట్టి వాస్తు చూసేవాళ్లు కొందరు వదిలేసి పోయారట, నాకు వెయ్యి తగ్గింది. సాయంత్రం వంటింట్లో ఎండ కొడుతుంది, కర్టెన్ వేశా. రోజూ ఆఫీసు ఉండి ఉంటే తార్నాకకే ఓటు వేసేవాణ్నేమో, అక్కడ స్టేషన్ ఇంకా దగ్గర్లో ఒక పోర్షన్ దొరికింది. దిగిన రోజు సామాను రాకముందే ఖాళీ గోడలు, మేకుల కన్నాలు, సింకు కింద చెమ్మ మరక, మెయిన్ డోర్ గీతలు అన్నీ వీడియో తీసి, మీటర్ రీడింగ్ ఫోటోతో కలిపి ఆంటీకి వాట్సాప్‌లో పంపా. సాయంత్రానికి "సరే బాబూ, ఆ సింకు ప్లంబర్‌కి చెప్తాలే" అని వాయిస్ మెసేజ్ పెట్టింది, అది స్టార్ కొట్టి దాచుకున్నా.